వాసన పుస్తకం

పటాన్‌చెరు,
30 సెప్టెంబరు, 1974.

నాయనకు, అమ్మకు సుకుమారి వందనాలు.

'నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను' అని మొదలుపెడితే, తలచేదేముంది, అడిగి తెలుసుకో అని మీరు ఎర్ర సిరాతో కొట్టేస్తారు. అందుకని అడుగుతున్నాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? మీ దగ్గు తగ్గిందా?

ఇక మీరు చదివి మురిసిపోయే సంగతి. మా ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద మొన్న ఒక సర్క్యులర్ పెట్టారు. షావుకారు గారు బొంబాయి మనిషి, ఉల్లిపాయ కూడా ముట్టరట. కంపెనీ జరిపే ఏ పండుగలోనైనా, ఏ విందులోనైనా, ఫ్యాక్టరీ ప్రహరీ లోపల ఉద్యోగులెవరూ మత్తు పానీయాలు తాగకూడదు, తాగి రాకూడదు. మాంసం వండకూడదు, తేకూడదు. తప్పినవారిని పనిలోంచి తీసేస్తారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసింది నేనే. మీరు చూసి ఉంటే ఒక్క తప్పు కూడా దొరికేది కాదు.

వచ్చే నెల దసరా. ఆయుధపూజ రోజు మధ్యాహ్నం మొత్తం ఫ్యాక్టరీకి భోజనాలు, వండించాల్సింది మా క్యాంటీన్. క్యాంటీన్ సూపర్‌వైజరుగా చేరి ఏడు నెలలే అయింది గనక కొంచెం భయంగానే ఉంది. అయితే నాకు ఇంకో పని కూడా అప్పజెప్పారు. షామియానా గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, లోపలికి వచ్చే ప్రతి మనిషినీ పలకరించాలి. ఎవరి నోటి నుంచైనా వాసన వస్తే పేరు, టోకెన్ నంబరు పుస్తకంలో రాయాలి. పుస్తకం కొత్తది, ప్రతి పేజీకీ నంబరు, ప్రతి పేజీ మీదా కంపెనీ ముద్ర. పేజీ చింపడానికి వీల్లేదు.

పర్సనల్ ఆఫీసర్ కామరాజు గారు నన్ను పిలిచి, మీ ఇంట్లో తాగుడు లేదు కాబట్టి నీ ముక్కుకి ఇట్టే తెలిసిపోతుంది, అందుకే నిన్ను పెట్టాం అన్నారు. ఆయనకేం తెలుసు, మన ఇంటికీ కల్లు దుకాణానికీ మధ్య ఉన్నది ఒక్క సందే అని. కల్లు వాసన నిద్రలో కూడా పట్టేస్తాను. పదకొండో ఏట మీ ముందు కూర్చుని, జన్మలో తాగనని సంతకం పెట్టిన ప్రతిజ్ఞ కార్డు ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

మీ బిడ్డ,
సుకుమారి.


జోగిపేట,
6 అక్టోబరు, 1974.

చిరంజీవి సుకుమారికి నాయన దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి మీ అమ్మకోసం. ముప్పై ఒక్క సంవత్సరాలు బడిలోనూ గుడిలోనూ నేను గొంతు చించుకుని చెప్పిన మాటని ఒక కంపెనీ కాగితం మీద పెట్టి ముద్ర వేసిందంటే ఈ వయసులో నాకు అంతకంటే ఏం కావాలి. ఆ షావుకారు మన విశ్వాసి కాకపోయినా మంచి పని చేశాడు.

పిల్లలతో సంతకాలు పెట్టించిన ప్రతిజ్ఞ కార్డులన్నీ ఇంకా నా పెట్టెలో ఉన్నాయి. నీది తీసి చూశాను. 'సుకుమారి'లో కొమ్ము మరిచిపోయి తర్వాత ఇరికించావు.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. అక్కడ కూర్చున్నప్పుడు ఎవరి ముఖమూ చూడవద్దు. తెలిసినవాడని వదిలేస్తే ఆ పుస్తకానికి విలువ లేదు. ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ అమ్మ ఈ వాక్యం దగ్గర అడ్డం వచ్చింది. తన మాట కూడా రాయమంటున్నది కనుక రాస్తున్నాను: "బువ్వకు పిలిచి వాకిట్ల నోరు వాసన సూసుడేందే? జెర ఆలోచన జెయ్యి బిడ్డా." ఆమెకు లోక వ్యవహారం తెలియదు. మోకాలు మాత్రం బాగానే ఉంది.

నీ నాయన,
సొలొమోను.


పటాన్‌చెరు,
28 అక్టోబరు, 1974.

నాయనకు, అమ్మకు వందనాలు.

దసరా అయిపోయింది. వంట గురించి ముందు చెప్తాను, ఎందుకంటే అది బాగా కుదిరింది. పులిహోర, వంకాయ కూర, పప్పు, భక్ష్యాలు. మాంసం లేని దసరా ఏం దసరా అని మొదట సణిగినవాళ్ళే నాలుగేసి భక్ష్యాలు తిని లేచారు. సోమమ్మ లేకపోతే అది నా వల్ల అయ్యేది కాదు. సోమమ్మ అంటే మా క్యాంటీన్లో గిన్నెలు తోమే ఆమె, కర్దనూరు మనిషి. రోజూ తన సద్ది మూటలోంచి నాకొక జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పక్కన పెడుతుంది. నేను వద్దన్నా వినదు.

గుమ్మం దగ్గర కూడా పని సాఫీగానే జరిగింది. ఆఫీసర్లందరూ ఒకే గుంపుగా గెస్ట్ హౌస్ వైపు నుంచి వచ్చారు. మేనేజరు గారు వంగి నాకు దసరా శుభాకాంక్షలు చెప్పారు. ఆయన దగ్గర సూది వేసే ముందు కంపౌండరు రాసే స్పిరిట్ వాసన వచ్చింది. చెయ్యి ఏమైనా కోసుకుందేమో పాపం అనుకున్నాను. వెనకాల వచ్చిన ముగ్గురి దగ్గరా అదే వాసన. అందరూ ఆయనకు కట్టు కట్టి వచ్చారేమో అని నవ్వుకున్నాను.

పుస్తకంలో ఒకే ఒక్క పేరు ఎక్కింది. యాదన్న అని, ప్రెస్సు మిషన్ మీద చేస్తాడు. టోకెన్ నంబరు ఒకటి, అంటే ఫ్యాక్టరీలో చేరిన మొట్టమొదటి మనిషి. ఆ సాయంత్రమే సస్పెండ్ చేశారు. విచారణ పెడతారట.

నాయనా, ఒక అనుమానం. అతను తాగి తూలుతూ రాలేదు. పొద్దున పూజలో కొబ్బరికాయ, గుమ్మడికాయ మాత్రమే కొట్టనిచ్చారు కదా, అందరూ వెళ్ళాక అతను ముంతలో కల్లు తెచ్చి తన మిషన్ మొదట్లో నైవేద్యంగా సాక పోశాడు. సాక పోసినవాడు ఆ ముంతలోంచి ఒక గుక్క తాగాలట, లేకపోతే ఆ సాక చెల్లదట. ఒక్క గుక్క కూడా తాగుడు కిందికే వస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

మీ బిడ్డ,
సుకుమారి.


జోగిపేట,
4 నవంబరు, 1974.

సుకుమారికి నాయన దీవెనలు.

వస్తుంది. ఒక్క గుక్క కూడా వస్తుంది. ఎన్ని గుక్కల దగ్గర నుంచి పాపం అని గీత గీస్తాం? ఊరికే అడుగుతున్నాను అని నువ్వు రాసినప్పుడు ఊరికే అడగడం లేదని నాకు తెలుసు. ఆ మనిషి మీద జాలి పుట్టింది నీకు. జాలి మంచిదే, కాని అది నీ కలం పట్టుకోకూడదు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నువ్వు అప్పటికి రెండేళ్ళ పిల్లవి. నేను పనిచేసే ఊళ్ళో కోతల పండుగ నాడు గుడి తలుపు దగ్గర నేనే నిలబడ్డాను. బాలప్ప అని తెల్ల మిషనరీ దొర గారి బంగ్లాలో తోటపని చేసేవాడు. మంచి పాటగాడు. పంటలోంచి మొదటి వరి పన కట్టి నెత్తిన పెట్టుకుని వచ్చాడు, నోట్లో కల్లు వాసన. ఆ వరి పనని అక్కడే దింపించి, అతన్ని వెనక్కి పంపించి, సంఘం పుస్తకంలో అతని పేరు ఈ చేత్తోనే కొట్టేశాను. ఆ ఊళ్ళో చాలామంది నన్ను తిట్టుకున్నారు. నేను లెక్కచెయ్యలేదు.

ఆ బాలప్ప మళ్ళీ గుడికి రాలేదు. అది అతను చేసుకున్నది. నువ్వు మనసు గట్టి చేసుకో.

ఇది రాసేటప్పుడు మీ అమ్మ వంటింట్లోంచి ఏమీ అనలేదు. ఎందుకో మరి, ఈ రోజు నాతో మాట్లాడటం లేదు.

నాయన.


పటాన్‌చెరు,
20 నవంబరు, 1974.

నాయనకు వందనాలు.

మొదట నా తప్పు ఒప్పుకుంటాను. పుస్తకంలో పేరు ఎక్కింది అని రాశాను. అది తనంతట తాను ఎక్కలేదు, నేను ఎక్కించాను. యాదన్న నా బల్ల దగ్గర ఆగి రెండు చేతులెత్తి నమస్తే అన్నాడు. తాగినవా అని అడిగాను. దాచలేదు, సాక పోశానన్నాడు. నేను తల ఎత్తకుండా రాసేశాను. మీరు ముఖం చూడవద్దన్నారు, చూడలేదు. చూసి ఉంటే గుర్తుపట్టేదాన్ని, రోజూ సోమమ్మని సైకిల్ మీద దింపే మనిషి అతనే. యాదన్న సోమమ్మ పెనిమిటి.

సోమమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. గిన్నెలు తోముతుంది, పిలిస్తే పలుకుతుంది, సద్ది మూట విప్పి గోడ వైపు తిరిగి తింటుంది. రొట్టె రావడం లేదు. యాదన్న ముత్తంగి దగ్గర రోడ్డుకి కంకర కొట్టే పనికి పోతున్నాడు.

ఇక రెండో సంగతి. పోయిన శనివారం బొంబాయి నుంచి డైరెక్టర్లు వచ్చారు. గెస్ట్ హౌస్ వంటవాడికి జ్వరం, నన్ను వడ్డన చూడమన్నారు. వెళ్ళాను. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. షావుకారు గారు ఆ పూట రాలేదు లెండి, వస్తే ఆయనకు వేరే వంట. మేనేజరు గారు అల్మారా తెరిచి ఒక సీసా తీసి మూత తిప్పారు. నాయనా, గది నిండా కంపౌండరు గది వాసన. ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దసరా నాడు మేనేజరు గారి చెయ్యి కోసుకోలేదు. వెనకాల వచ్చిన ముగ్గురూ ఎవరికీ కట్టు కట్టలేదు.

నాకు కల్లు వాసన ఒక్కటే తెలుసు, పేదవాళ్ళు తాగేది అదే గనక. విస్కీ వాసన నాకెవరు నేర్పారు? నా ముక్కుని ఏరికోరి ఆ బల్ల దగ్గర ఎందుకు కూర్చోబెట్టారో ఇప్పుడు తెలిసింది. అంత పెద్ద ఆఫీసర్లు నలుగురు నా మొహం మీదే ఊపిరి వదిలి లోపలికి పోయారు, నేను వాళ్ళకు శుభాకాంక్షలు చెప్పాను. తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

మర్నాడు కామరాజు గారిని అడిగాను, సర్క్యులర్లో ఉద్యోగులెవరూ అని ఉంది కదా, నేనే తెలుగు చేశాను కదా అని. అది వర్కర్ల కోసం, ఇది అతిథి మర్యాద అని నవ్వేశారు. ఆయన కూడా ఆ నలుగురిలో ఒకరు.

యాదన్న విచారణ డిసెంబరు పన్నెండున. నేనే సాక్షిని. ఆ పుస్తకం తెరిచి, ఇది నీ రాతేనా అంటే అవునని చెప్పాలి. అంతే నా పని అన్నారు. అది ఒక్కటే చెప్తే నేను అబద్ధం ఆడినట్టే అవుతుందని నాకు అనిపిస్తోంది. మీరేమంటారు?

సుకుమారి.


జోగిపేట,
29 నవంబరు, 1974.

సుకుమారికి దీవెనలు.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. ఆలోచించి రాయాలని ఆగాను.

సాక్షి అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలి. అడగనిది చెప్పడం సాక్ష్యం కాదు, వాగుడు అనిపించుకుంటుంది. నీ రాత నీదే, యాదన్న తాగినమాట నిజమే. ఆ రెండు నిజాలు చెప్పి బయటికి వచ్చెయ్యి. గెస్ట్ హౌసులో ఎవరు ఏం తాగితే అది వాళ్ళకూ దేవుడికీ మధ్య విషయం. జనవరికి నీ ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. ఈ నెలా రెండు నెలలు నోరు కట్టుకుంటే నీ బతుకు ఒక ఒడ్డున పడుతుంది.

గెస్ట్ హౌస్ మెట్ల మీద నిలబడి ఒక పెద్ద ఆఫీసరుతో, 'ఈ మెట్లు ప్రహరీకి లోపలున్నాయా బయటున్నాయా' అని గట్టిగా అడగడం ఆడపిల్లకు తగిన పని కాదు. నిన్ను అలా పెంచలేదు.

ఆరోగ్యం జాగ్రత్త. చలి పెరుగుతోంది.

నాయన.


పటాన్‌చెరు,
5 డిసెంబరు, 1974.

నాయనకు,

మెట్ల సంగతి నేను మీకు రాయలేదు.

నా ఉత్తరం నకలు లేదు గాని ఏం రాశానో బాగా గుర్తుంది. కామరాజు గారిని అడిగాననీ ఆయన నవ్వారనీ రాశాను. ఎక్కడ నిలబడి అడిగానో, ఏ మాటలతో అడిగానో రాయలేదు. జనవరిలో పర్మనెంట్ అన్నది కూడా నాకు ఇక్కడ ఎవరూ చెప్పలేదు. కాబట్టి కామరాజు గారి జీపు జోగిపేట దాకా వచ్చింది. మన అరుగు మీద కూర్చున్నారా, లోపలికి పిలిచారా? అమ్మ చాయ్ ఇచ్చిందా?

మీరు నన్ను బెదిరించారని నేననను. మీకు నా మీద ప్రేమ ఉంది, భయం కూడా ఉంది, అది నాకు తెలుసు. కాని ఉన్నది ఉన్నట్టు రాయి అని అక్టోబరులో రాసింది మీరే, అడిగింది మాత్రమే చెప్పు అని నవంబరులో రాసింది మీరే. ఈ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఒకదాని మీద మీ చెయ్యి ఉంది, రెండో దాని మీద ఇంకెవరిదో చెయ్యి ఉంది. నేను మొదటి ఉత్తరం చెప్పినట్టే చేస్తాను.

ఉద్యోగం పోతే పోతుంది. పోకూడదనే కోరుకుంటున్నాను, ఎందుకంటే ఈ పని నాకు ఇష్టం, మూడు వందల మందికి వేళకు అన్నం పెట్టడం నాకు చేతనవునని ఇక్కడే తెలిసింది. కాని ఆ కుర్చీలో కూర్చోవాలంటే సోమమ్మ గోడవైపు తిరిగి తింటుంటే చూస్తూ కూర్చోవాలి. అది నా వల్ల కాదు.

సుకుమారి.


పటాన్‌చెరు,
16 డిసెంబరు, 1974.

నాయనకు, అమ్మకు వందనాలు.

మీ దగ్గర నుంచి జవాబు రాలేదు. అయినా జరిగింది చెప్పడం నా ధర్మం.

పన్నెండో తారీకు పొద్దున టైమాఫీసులో విచారణ పెట్టారు. హైదరాబాదు నుంచి ఒక వకీలును విచారణాధికారిగా పిలిపించారు, కంపెనీ తరఫున కామరాజు గారు. యాదన్న ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. ఇచ్చిన కుర్చీలో కూర్చోలేదు. తాగావా అని వకీలు అడిగారు. నేను సాయపడాలని నోరు తెరిచేలోపే అతను చెప్పేశాడు.

"తాగిన సార్. ఒక్క గుక్క. గీ మిషన్ కింద ఉన్నది మా పొలమే. మా అయ్య దసరకు నాగలికి సాక వోసెటోడు. పొలం వొయింది, నాగలి వొయింది, మిషన్ అచ్చింది. నా చెయ్యి గిట్ల దాంట్ల వడకుండ సూడమని దానికి వోసిన. తప్పయితే రాసుకోండ్రి. గని అబద్ధమైతే నేను జెప్ప."

వకీలు అది ఇంగ్లీషులో రాసుకున్నారు. తర్వాత నన్ను పిలిచారు. పుస్తకం తెరిచి ముందు పెట్టారు. మొదటి పేజీ, ఒకే ఒక్క లైను, నా గుండ్రటి అక్షరాలు. పేజీ కింద ఆయన అప్పటికే తన సంతకం, తేదీ వేసేశారు. ఇది నీ రాతేనా? నాదే. ఇందులో ఉన్నది నిజమేనా? నిజమే. వెళ్ళొచ్చు అన్నారు కామరాజు గారు.

నేను కదల్లేదు. ఇందులో ఉన్నది నిజమే గాని ఇది పూర్తి కాలేదు సార్, మిగతాది రాస్తాను అన్నాను. బల్ల మీద ఉన్న కలం తీసుకుని యాదన్న పేరు కింద నాలుగు పేర్లు వరసగా రాశాను. మేనేజరు గారు, ఇద్దరు ఇంజనీర్లు, నాలుగోది కామరాజు గారు. టోకెన్ నంబరు గడిలో గీత పెట్టాను, వాళ్ళకు టోకెన్లు ఉండవు కదా. వాసన గడిలో 'ఉంది' అని నాలుగుసార్లు రాశాను. రిమార్కుల గడిలో ఇలా రాశాను: 'ఆ రోజు ఈ వాసన ఏమిటో నాకు తెలియదు. నవంబరులో గెస్ట్ హౌసులో తెలిసింది. ఈ నాలుగు పేర్లు ఈ రోజు రాశాను. యాదన్న పేరు రాయడం తప్పు కాదు, అక్కడితో ఆపడం నా తప్పు.' కింద నా సంతకం పెట్టి ఆ రోజు తేదీ వేశాను.

కామరాజు గారు పుస్తకం లాక్కోబోయారు. వకీలు దాని మీద చెయ్యి పెట్టి, ఇది ఇప్పుడు రికార్డు అన్నారు. ఆయన మంచివాడో కాదో తెలియదు, కాని తన సంతకం ఉన్న పేజీని ఎవరూ ముట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. చింపుదామంటే పేజీ నంబర్లు వాళ్ళు వేయించుకున్నవే, ముద్రలు వాళ్ళు కొట్టించుకున్నవే.

కలం మూత పెట్టి, బల్ల మీద ఉంచి బయటికి వచ్చేశాను నాయనా.

పధ్నాలుగో తారీకు రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది యాదన్నకి: తగిన ఆధారాలు లేనందున విచారణ మూసివేయడమైనది, వెంటనే పనిలో చేరగలరు. ఆ పుస్తకం పైకి, షావుకారు గారి దాకా తీసుకుపోతే ఐదు పేర్లూ కలిసే పోతాయి, ఒక్క పేరునే పంపడం కుదరదని వాళ్ళకు అర్థమైంది. రెండోది నాకు: తాత్కాలిక ఉద్యోగివి కనుక ఈ శనివారం, ఇరవై ఒకటి దాటాక నీ సేవలు అవసరం లేదు. సర్క్యులర్ కూడా బోర్డు మీద లేదు. నాలుగు మూలలా పిన్నులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ మధ్యాహ్నం సోమమ్మ సద్ది మూట విప్పింది. నా వైపు తిరిగి కూర్చుంది. రొట్టె నా చేతిలో పెట్టి, "తిను. ఇగ శనివారం దాంక రోజుకు రెండు తెస్త" అంది. అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను.

ఆదివారం సాయంత్రం బస్సుకు వద్దామనుకుంటున్నాను. ఉద్యోగం లేకుండా, మీ మాట కాదని వస్తున్నాను. క్షమాపణ మాత్రం తేవడం లేదు. రావద్దంటే ఒక కార్డు ముక్క రాయండి, హైదరాబాదులో ఏదో ఒక హాస్టల్లో వంటపని వెతుక్కుంటాను.

మీ బిడ్డ,
సుకుమారి.


జోగిపేట,
19 డిసెంబరు, 1974.

నా బిడ్డ సుకుమారికి,

నీ ఐదో తారీకు ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చింపాను. జీపు వచ్చింది. లోపలికే పిలిచాను. మీ అమ్మ చాయ్ ఇవ్వలేదు, కామరాజు గారు వెళ్ళేదాకా పెరట్లోనే ఉండిపోయింది. ఆయన చెప్పిన మాటల్ని నా అక్షరాల్లో పెట్టి నీకు పంపాను. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు చూచిరాత తప్పని కొట్టినవాణ్ణి, అరవై దాటాక చూచిరాత రాశాను.

నేను దాచింది అది ఒక్కటే కాదు. బాలప్ప సంగతి నీకు గొప్పగా రాశాను, అందులోనూ సగమే రాశాను. ఆ కోతల పండుగ ముందు రోజు రిజిస్టర్ల మీద సంతకం కోసం దొర గారి బంగ్లాకి వెళ్ళాను. భోజనాల బల్ల మీద సీసా ఉంది, గ్లాసులున్నాయి. దొర ముఖం ఎర్రగా ఉంది. చలిదేశం వాళ్ళు కదా, మందుగా తీసుకుంటారేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. నీకు కంపౌండరు గుర్తొచ్చాడు, నాకు మందు గుర్తొచ్చింది. నీకు నిజంగా తెలియదు. నాకు తెలుసు. మర్నాడు పొద్దున పోయి గుడి తలుపు దగ్గర నిలబడి బాలప్ప నోరు వాసన చూశాను.

నీ పదహారో తారీకు ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. మీ అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "అది రాసింది. నువ్వెప్పుడు రాస్తవ్?" అని ఒక్క మాట అంది. బస్సెక్కి బాలప్ప ఊరు పోయాను.

సంఘం పుస్తకం ఇంకా గుడి బీరువాలోనే ఉంది. ఇప్పుడున్న సంఘ పెద్ద మొదట చూపించనన్నాడు. నేను కొట్టేసిన పేరు చూసుకోవడానికి వచ్చానంటే తాళం తీశాడు. ఇరవై రెండేళ్ళయినా ఆ గీత చెక్కుచెదరలేదు, నేను స్కేలు పెట్టి గీశాను మరి. దాని పక్కన రాశాను: 'ఈ పేరు కొట్టివేసినది అన్యాయము. ముందు రోజు బంగ్లాలో చూచినది దాచి, ఇతనిని ఒక్కనినే తలుపు వద్ద ఆపితిని. సొలొమోను, ఉపాధ్యాయుడు.' తేదీ కూడా వేశాను. ఈ వయసులో నీ దగ్గర నేర్చుకున్నాను.

తర్వాత బాలప్ప ఇంటికి వెళ్ళాను. చూపు తగ్గింది అతనికి, గొంతు పట్టి నన్ను గుర్తుపట్టాడు. మంచం మీద చోటిచ్చాడు. నేను బంగ్లా సంగతి మొదలుపెట్టి, సీసా దాకా వచ్చి ఆగిపోయాను. అతను నెమ్మదిగా అన్నాడు.

"నాకెర్కే సారూ. బంగ్లల గిలాసలు కడిగింది ఎవలనుకున్నవ్?"

మరి ఆ రోజు గుడి ముందు ఎందుకు చెప్పలేదయ్యా అన్నాను.

"నన్నెవలు అడిగిండ్రు?"

ఎవరూ అడగలేదు సుకుమారీ. అడగాల్సినవాణ్ణి నేనే. నీకు అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమని రాశాను కదా. పేదవాణ్ణి ఎవరూ ఏమీ అడగరని తెలిసి కూడా ఆ మాట రాశాను.

క్షమించమని అడిగాను. క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు. క్రిస్మస్ నాడు ఆ గుడిలో ఆరాధన తర్వాత అందరికీ భోజనాలున్నాయి, రమ్మని పిలిచాను. మంచం కోడు తడుముతూ కూర్చున్నాడు. చివరికి, "అస్త గని, వాకిట్ల ఎవలు నిలవడతరు?" అని అడిగాడు. ఎవరూ నిలబడరు, నేను మాటిస్తున్నాను అని చెప్పి వచ్చాను. అతను ఏం తాగి వచ్చినా రానీ. నేను తాగను, ఎవరూ తాగకూడదనే ఇప్పటికీ అనుకుంటాను. కాని అన్నం దగ్గర కాపలా కాయను.

నీ ప్రతిజ్ఞ కార్డు పెట్టెలోంచి తీసి నీ దిండు కింద పెట్టింది మీ అమ్మ. ఉంచుకుంటావో చింపుతావో నీ ఇష్టం, ఆ సంతకం నీది. ఆదివారం బస్సు దగ్గరికి నేనే వస్తాను. క్షమాపణ తేవద్దు, నువ్వు తేవాల్సింది కాదు అది. పెద్ద గరిటె ఒకటి తీసుకురా, ఆ గుడిలో ఉన్నవి చిన్నవి. క్రిస్మస్ నాడు అక్కడ రెండు వందల మందికి వండాలి, ఆ పని చేతనైన మనిషి ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు.

నీ నాయన,
సొలొమోను.